స్టీరింగ్ లింకేజ్‌కి ఏ రాడ్ ఎండ్‌లు తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నా ఆఫ్‌రోడ్ బండికి ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), 35 అంగుళాల టైర్లు. రాళ్ల మీద ఎక్కించినప్పుడు టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే స్టీరింగ్ కడ్డీ) వంగిపోయింది. ఎలాగూ కొత్తది చేయిస్తున్నాను కదా అని టై రాడ్‌కి, డ్రాగ్ లింక్‌కి (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) రాడ్ ఎండ్‌లు, అంటే బంతి కీలు ఉన్న మర చివరలు, పెడదామనుకుంటున్నాను. ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటే రాడ్ విప్పకుండానే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసుకోవచ్చు, అదొక సుఖం.

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) బాడీ ఉన్నవే కొనాలని నిర్ణయించుకున్నాను. ఆగింది సైజు దగ్గర. 3/4 అంగుళం చాలా, 7/8కి వెళ్లాలా? సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు డ్రాగ్ లింక్ బాగా ఏటవాలుగా నిలబడుతోంది, కాబట్టి హై మిసలైన్‌మెంట్ స్పేసర్లు (జాయింట్ ఇంకా ఎక్కువ కోణంలో వంగేలా చేసే బుష్‌లు) తప్పేలా లేవు. కానీ అవి వేస్తే బోల్ట్ సన్నబడుతుంది. పైగా స్టీరింగ్ నకిల్ (చక్రాన్ని పట్టుకుని తిప్పే భాగం) దగ్గర నాది సింగిల్ షియరే, అంటే బోల్ట్‌కి ఒకవైపే ఆధారం, టేపర్ రంధ్రాన్ని తిన్నగా డ్రిల్ చేయించాలి. అసలు టెన్షన్ అక్కడే: జాయింట్ ఎంత గట్టిదైనా బోల్ట్ విరిగితే స్టీరింగ్ పోయినట్టే. బోల్ట్‌ని రెండువైపులా పట్టుకునే డబుల్ షియర్ బ్రాకెట్ చేయించుకున్నవాళ్లు ఉంటే ఎలా కుదిరిందో చెప్పండి.

ఇంకొకటి. బురదలో, దుమ్ములో టెఫ్లాన్ లైనర్ (లోపల జారుడు పొర) ఉన్న రాడ్ ఎండ్‌లు మన్నుతాయా, లేక గ్రీజు కొట్టే రకమే మేలా? లైనర్ ఉన్నవాటికి గ్రీజు పెట్టకూడదని తెలుసు. రబ్బరు బూట్లు వేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా, లోపల ఇసుక ఇరుక్కుని ఇంకా త్వరగా అరిగిపోతాయా? బండి రోడ్డు మీద కూడా తిరుగుతుంది, అందుకే లూజు వస్తే అస్సలు ఊరుకోలేను.