90 సెంటీమీటర్ల అలమరలో ముగ్గురి బట్టలు ఎలా సర్దాలి?

ప్రశ్న

మా పడకగదిలో గోడలో అమర్చిన అలమర ఒక్కటే ఉంది. వెడల్పు 90 సెంటీమీటర్లు, లోతు 55, ఎత్తు 200. నేల నుంచి 165 ఎత్తున హ్యాంగర్లు తగిలించే కడ్డీ, దాని మీద ఒక అర. అంతే. నావి, మా వారివి, ఆరేళ్ల పాపవి బట్టలన్నీ అందులోనే పట్టాలి. దుప్పట్లు కూడా. అద్దె ఇల్లు కనుక గోడకు కొత్తగా రంధ్రాలు చేయలేము. మరో బీరువా కొనే వీలు ఇప్పట్లో లేదు.

నిన్న పాప తన నీలం గౌను కోసం కింది కుప్పలో చేయి పెట్టగానే మడతలన్నీ దాని పాదాల మీద కూలాయి. "అమ్మా, నేనేమీ చేయలేదు" అని బిక్కమొహం వేసింది. తప్పు దానిది కాదు, ఆ అలమరది. పోయిన నెల తొందరపడి మూడు ప్లాస్టిక్ పెట్టెలు కొన్నాను. వాటి పొడవు 60. పెడితే తలుపు మూసుకోవడం లేదు. వెనక గోడ బయటి గోడ కావడంతో ముక్క వాసన కూడా వస్తోంది. కలరా ఉండలు వేశాను, వాసన పోలేదు. తక్కువ ఖర్చులో ఏమి చేయవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

కొలతలు ఇచ్చి మంచి పని చేశారండి. పదకొండేళ్లలో ఆరు ఇళ్లు మారాను, ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అలమరే. ఏమీ కొనకముందు ఒకసారి అంతా బయటికి తీసి మంచం మీద వేయండి. వేసుకోనివి, పాపకు పొట్టివైనవి అక్కడే పక్కకు వెళ్లిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. తగిలించే బట్టలను మనిషి వారీగా కాకుండా పొడవు వారీగా పెట్టండి. పెద్దవాళ్ల చొక్కా హ్యాంగర్‌తో కలిపి దాదాపు 95 సెంటీమీటర్లు వేలాడుతుంది. మీ కడ్డీ 165లో ఉంది కాబట్టి దాని కింద 70 ఖాళీ. పాప గౌను వేలాడేది 60 మాత్రమే, దాని కింద 105 ఖాళీ. పొడుగువీ పొట్టివీ కలిపి తగిలిస్తే ఆ ఖాళీ ముక్కలు ముక్కలై ఎందుకూ పనికిరాదు. ఎడమ నుంచి కుడికి పొడవు తగ్గేలా వరుసగా పెట్టి చూడండి, ఖాళీ అంతా కుడి మూలకు చేరుతుంది.

ఆ మూలలో, ఒక 35 సెంటీమీటర్ల మేర, రెండో కడ్డీ వేలాడదీయండి. గోడతో పని లేదు. పాత సంచులకు ఉండే భుజం పట్టీలు, పొడవు సర్దుకునే బకిల్ ఉన్నవి, రెండు చాలు. పట్టీని పై కడ్డీ మీదుగా వేసి, కింద పాత చీపురు కర్ర ముక్క దూర్చి బిగించండి. కింది కర్ర నేల నుంచి 98 దగ్గర ఉంటే పాప చేతికి అందుతుంది. రోజూ వేసుకునేవి కింద, ఎప్పుడో వేసుకునేవి పైన. పిల్లలు తమ బట్టలు తామే తీసుకోగలిగితే కుప్పలు సగం తగ్గుతాయి, ఇది నేను మా ఇంట్లో చూశాను.

ఇక మడతలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. చెప్పుల అట్టపెట్టె తీసుకుని బట్టలను పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. చొక్కాను పొడవుగా మడిచి, మళ్లీ మూడు మడతలు పెట్టి, బల్ల మీద నిలబెట్టి చూడండి. వాలిపోతే మడత వదులుగా ఉన్నట్టు, అరచేత్తో ఒత్తి మళ్లీ మడవండి. నిలబడిందంటే పెట్టెలోంచి ఏది లాగినా పక్కది కదలదు. స్వెట్టర్లు మాత్రం హ్యాంగర్‌కు వేయవద్దు, భుజాలు సాగిపోతాయి.

దుప్పటి, దాని జత గలీబులు కలిపి ఒక గలీబులోనే దూర్చి పై అరలో పెట్టండి. ఆ 60 పెట్టెలు మంచం కిందికి పనికొస్తాయి, బాధపడకండి.

రెండవ సమాధానం

నాది వడ్రంగం పని. పట్టీల ఆలోచన బాగుంది, కానీ బరువంతా పై కడ్డీకే వెళుతుంది. ముందు కడ్డీ రెండు చివరలనూ పట్టి ఉంచే గిన్నెల స్క్రూలు బిగించండి. 90 సెంటీమీటర్ల కడ్డీ ఆ మాత్రం బరువు మోస్తుంది. పొడవైన కడ్డీలతోనే చిక్కు. నడుమ వేలాడే బరువు అంతే ఉన్నా, కడ్డీ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. 120 దాటితే మధ్యలో ఒక ఆసరా ఇవ్వమంటాను.

ఎడమవైపు చొక్కాల కింది 70 ఖాళీలో 35 ఎత్తున్న చిన్న పీట పెట్టండి. పాత బల్ల చెక్కతో చేయించవచ్చు. వెడల్పు 50, లోతు 50 చాలు, వెనక గోడకు కొంత ఎడం మిగులుతుంది. పీట కింద ఒక వరుస, పైన ఒక వరుస.

మూడవ సమాధానం

కలరా ఉండలు వెంటనే తీసేయండి, దయచేసి. అవి పురుగులకే గాని చెమ్మకు మందు కావు. ఆ ఆవిరి పిల్లలకు మంచిది కాదు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లల్లో ఆ కణాలు విరిగిపోతాయి. పాప తెల్లగా ఉన్నాయని నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే. వాటితో కర్పూరం కలిపి పెట్టడం కూడా వద్దు, రెండూ కలిస్తే కరిగి బట్టలకు మరకలవుతాయి.

ముక్క వాసనకు కారణం చల్లటి బయటి గోడకు పట్టే తేమ. బట్టలు గోడకు తగలకుండా రెండు మూడు సెంటీమీటర్లు వదలండి. ఇస్త్రీ వేడి పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి. లాండ్రీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, తేమను లోపలే ఉంచుతాయి. రోజూ కాసేపు తలుపులు తెరిచి ఉంచండి.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాము. కలరా ఉండలు మొదటే తీసి పారేశాను. మా వారు పాత రెండు సంచుల పట్టీలు కత్తిరించారు. మొదట అవి జారి మధ్యలోకి వచ్చేశాయి. పై కడ్డీకి పట్టీ ఉండే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాక కదలడం లేదు. పీటకు చెక్క ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి రెండు గట్టి అట్టపెట్టెలు పెట్టాను. అవి తేమ పీల్చుకుంటాయని తెలుసు, అందుకే గోడకు దూరంగా ఉంచాను.

నీలం గౌను ఈ ఉదయం పాపే తీసుకుంది. మందపాటి రజాయి మాత్రం పై అరలో పట్టలేదు, ఆ 60 పెట్టెల్లో ఒకదానిలో పెట్టి మంచం కిందికి తోశాను.