శ్రీశైలం ముంపులో పోయిన ఊరిని పాత టోపోషీట్‌లో పట్టుకోవడం ఎట్లా?

నందికొట్కూరు పిల్లోడు:
అందరికీ నమస్తే. మా జేజినాయన వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది, 1981లో ఖాళీ చేయించినప్పుడు మా నాయన చిన్నపిల్లోడంట. సంగమేశ్వరం నుంచి బండి కట్టుకొని పొద్దున పోతే మజ్జానానికి ఇల్లు చేరేవాళ్ళమని జేజి చెప్తాది. ఊరికి పడమర గుట్ట, గుట్ట కింద ఆంజనేయస్వామి గుడి, గుడి ముందర దిగుడుబావి. ఇప్పుడు గూగుల్‌లో చూస్తే అంతా నీళ్ళే. పాత టోపోషీట్లు, అంటే ఊళ్ళు, గుట్టలు, ఎత్తులు చూపించే సర్వే మ్యాపులు, ఎక్కడ దొరుకుతాయి, వాటిని చదవడం ఎట్లా? జేజికి ఎనభై దాటినాయి, ఆమె ఉన్నప్పుడే చూపించాలని ఉంది.

పాత పటం:
సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ సైట్‌లో ఫ్రీగా వచ్చే 1:50,000 షీట్లు నీకు పనికిరావు తమ్ముడూ, వాటిలో రిజర్వాయరే ఉంటది. నీక్కావాల్సింది డ్యామ్ ముందరివి, అంగుళానికి మైలు లెక్కన వేసినవి. పాత యూనివర్సిటీల జాగ్రఫీ డిపార్ట్‌మెంట్లలో అడిగి చూడు. ఒక్కో షీట్‌కు ఒక నంబర్ ఉంటది: మీ వైపు ఆలంపూర్ ఉన్నది 57 ఐ/1, దాని తూర్పు పక్కది 57 ఐ/5. 16 డిగ్రీల అక్షాంశం అక్కడే పోతుంది కాబట్టి అది దాటి ఉత్తరానికి పోగానే నంబర్ మారిపోయి 56 ఎల్/4, 56 ఎల్/8 అవుతాయి, నాలుగూ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే. అవి దొరికేలోపు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో అమెరికా ఆర్మీ వాళ్ళు 1950ల్లో వేసిన యూ502 సిరీస్ ఉంది, ఫ్రీ. కాకపోతే 1:2,50,000 స్కేలు, చిన్న ఊళ్ళు కొన్ని ఉండవు.

ఇంక అసలు సంగతి. ఊరి పేరు కోసం కాదు, ముందు గుట్ట కోసం వెతుకు. పేర్ల స్పెల్లింగులు ఇంగ్లీషోళ్ళు ఇష్టమొచ్చినట్టు రాసినారు, గుట్ట మాత్రం కదలదు. గుట్ట మీద ఎత్తు అడుగుల్లో రాసి ఉంటది. శ్రీశైలం ఫుల్ లెవల్, అంటే డ్యామ్ నిండినప్పుడు నీటి మట్టం, 885 అడుగులు, అంతకన్నా ఎక్కువ ఎత్తుంటే ఆ గుట్ట తల ఈరోజుకీ నీళ్ళ పైన దీవి లాగానో ఒడ్డు లాగానో కనపడాలి. అది దొరికితే దాని తూర్పున గుడి గుర్తు, నీలం రంగులో బావి గుర్తు చూడు.

మ్యాప్ మాస్టర్:
పై అన్న చెప్పింది కరెక్ట్. స్కాన్ దొరికినాక క్యూజీఐఎస్ అనే ఫ్రీ మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెట్టు, కానీ పాత షీట్లన్నీ ఎవరెస్ట్ అనే పాత అక్షాంశ రేఖాంశాల లెక్కలో ఉంటాయి, నేరుగా ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 లెక్క అని పెట్టేస్తే వంద మీటర్లకు పైనే జరిగిపోతుంది, చిన్న ఊరికి అది చాలా ఎక్కువ. గూగుల్ ఎర్త్‌లో పాత బొమ్మల్లోకి పోయి ఏప్రిల్, మే నెలలవి తెరువు. నీళ్ళు బాగా తగ్గిన ఏడాది అయితే బండ్ల బాటలు, గోడల పునాదులు గీతల్లా కనపడతాయి.

కొల్లాపూర్ అక్క:
మాదీ ముంపు ఊరే తమ్ముడూ, నది అవతల. వందకు పైగా ఊళ్ళు పోయినయి, ఒక్కో ఇంట్లో ఒక్కో కత. మ్యాప్‌తో పాటు రెవెన్యూ రికార్డు కూడా తీయి, మీ జేజినాయన చేను ఎక్కడుండెనో దాంట్లోనే తెలుస్తది. మీ ఒడ్డు మద్రాసు కింద ఉండె కాబట్టి డైగ్లాట్ (సర్వే నంబర్ల రిజిస్టర్), ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) అడగాలె. మా ఒడ్డు నిజాం ఏలుబడి, మాకు సేత్వార్ (సర్వే నంబర్ల రిజిస్టర్), టిప్పన్ (పొలం కొలతల బొమ్మ), ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు). గ్రామ నక్షా, అంటే ఊరి భూముల మ్యాపు, దొరికితే సర్వే నంబర్ల హద్దులు టోపోషీట్ మీద పెట్టి చూడొచ్చు. గుడి సంగతి కూడా కనుక్కో, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్ళీ కట్టిన్రు, చిన్న గుళ్ళ దేవుళ్ళను జనం తమ కొత్త ఊళ్ళకు తీస్కపోయిన్రు.

నందికొట్కూరు పిల్లోడు:
అక్కా, అన్నలూ, చానా థ్యాంక్స్. యూ502 డౌన్‌లోడ్ చేసినా, మా ఊరు లేదు గానీ పక్కూరు ఉంది! జేజికి చదివి వినిపిస్తే వరసగా ఇంకో నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పింది, రాసి పెట్టుకున్నా. ఎండాకాలం పోయి చూడొచ్చా?

పాత పటం:
పోవచ్చు. కానీ నీళ్ళు వెనక్కి పోయిన చోట పైన ఎండి పగుళ్ళిచ్చినా కింద బురద మెత్తగా ఉంటది, ఒంటరిగా దిగొద్దు. పుట్టి వేసే జాలర్లను అడుగు, ఏ గోడకు వల తగులుకుంటదో వాళ్ళకు తెలుసు. ఆ నాలుగు పేర్లు ఇక్కడ పెట్టు, షీట్‌లో నేనూ వెతుకుతా.