దేవుణ్ణి నమ్మని కవి రాసింది ప్రార్థన అవుతుందా?

రావిచెట్టు (చర్చ ప్రారంభం)

నేటి బ్రిటిష్ కవిత్వంలో ఆధ్యాత్మికత అనగానే చాలామంది ముందుగా చూపించేది కేరల్ ఆన్ డఫీ రాసిన ‘ప్రేయర్’ (ప్రార్థన) కవితను. 1993లో వచ్చిన ‘మీన్ టైమ్’ సంపుటిలోని పద్నాలుగు పాదాల కవిత అది. డఫీ కేథలిక్ ఇంట్లో పెరిగి ఆ విశ్వాసాన్ని వదిలేశారు. 2009 నుంచి 2019 దాకా బ్రిటన్ ఆస్థానకవిగా ఉన్నారు. చదవనివారి కోసం సారాంశం చెబుతాను. మనం ప్రార్థించలేని రోజుల్లో కూడా ఒక్కోసారి ప్రార్థన తనంతట తానే పలుకుతుందంటారు ఆమె. చేతుల్లో ముఖం దాచుకున్న స్త్రీ తలెత్తితే చెట్టు పాడుతున్నట్టు వినిపిస్తుంది. దూరాన పోయే రైలు చప్పుడులో ఒక మగమనిషికి తన యౌవనం లాటిన్ మంత్రంలా వినిపిస్తుంది. ఎవరో పియానో మీద తొలి పాఠాలు వాయిస్తుంటే అద్దెగదిలోని మనిషికి ఊరట కలుగుతుంది. చివర రేడియోలో నావికుల కోసం చదివే వాతావరణ సూచన, నాలుగు సముద్ర ప్రాంతాల పేర్లు.

ఇది గొప్ప కవిత. కానీ దీన్ని ప్రార్థన అనడానికి నాకు మనసొప్పదు. ఇందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఎవరికీ ఏదీ పోయే ప్రమాదం లేదు. ఊరట వస్తుంది, అంతే.

దీని పక్కన వేల్స్ కవి ఆర్.ఎస్. థామస్‌ను పెట్టి చూడండి. ఆయన ఆంగ్లికన్ క్రైస్తవ శాఖలో గురువు, అంటే పాదిరి. 1978లో విశ్రాంతి తీసుకునేదాకా పల్లెటూరి చర్చిలలోనే పనిచేశారు. ఆయన కవితల్లో దేవుడు దాదాపు ఎప్పుడూ మాట్లాడడు. 1966 నాటి ఒక కవితలో, అందరూ వెళ్లిపోయాక ఖాళీ చర్చిలో ఒక మనిషి తన ప్రశ్నలను ఒక్కొక్కటిగా, ఎవరూ లేని సిలువకు మేకులతో కొడుతుంటాడు. రేపు ఉదయం అదే చర్చిలో నిలబడి జనానికి దేవుడి మాట చెప్పాల్సినవాడు ఈ మాట రాశాడు. ఆ సాహసం డఫీ కవితలో ఎక్కడుంది? మనిషిని మార్చేది ఆ సాహసమే అని నా వాదన. మీరేమంటారు?

తర్కం

రావిచెట్టు గారూ, మీరు కవితను వదిలి కవి ఉద్యోగాన్ని తూకం వేస్తున్నారు. థామస్ గురువు కాకుండా తపాలా గుమాస్తా అయ్యుంటే ఆ ఖాళీ సిలువ బలహీనపడేదా?

నేను దేవుణ్ణి నమ్మను. అయినా బ్రిటిష్ కవుల్లో నన్ను నిజంగా కదిలించినవారు ఈ సందేహపు గీత మీద నిలబడినవారే. స్కాట్లాండ్ కవి కాథ్లీన్ జేమీ 2005లో తెచ్చిన వ్యాసాల పుస్తకం ‘ఫైండింగ్స్’లో ఒక సందర్భం ఉంది. భర్తకు తీవ్రంగా జబ్బు చేసింది. ఆమె ప్రార్థించలేదు. దేన్నీ వదలకుండా గమనిస్తూ, శ్రద్ధగా చూస్తూ, వింటూ ఉండటం కూడా ఒక రకం ప్రార్థన కాదా అని అడుగుతారు. ఆ మాటలో మోసం లేదు. లేని దేవుణ్ణి ఆమె పిలవలేదు, ఉన్న మనిషి పక్కన మెలకువగా ఉన్నారు. ఆమె కవితలూ ఇలాగే నడుస్తాయి. పక్షిని చూస్తే పక్షినే చూస్తారు, దాన్ని ఆత్మకు ప్రతీకగా మార్చే తొందర ఉండదు. ఆ నిగ్రహం ఎందరు భక్తకవుల్లో ఉంది చెప్పండి.

పాతసంచికలు

తర్కం గారితో సగం ఏకీభవిస్తాను. కానీ కవిత్వంలో నిజాయితీకి ఎంత విలువివ్వాలన్న విషయం మీద బ్రిటన్‌లో ఎంత వివాదం రేగిందో కూడా చెప్పుకోవాలి. 2018 జనవరిలో ‘పీఎన్ రివ్యూ’ పత్రికలో రెబెక్కా వాట్స్ అనే కవయిత్రి ఒక ఘాటైన వ్యాసం రాశారు. హాలీ మెక్‌నిష్, కే టెంపెస్ట్ వంటి జనాదరణ ఉన్న కవులను పేర్లతో సహా విమర్శించారు. నిజాయితీగా రాశారు, అందరికీ అర్థమవుతుంది అన్న రెండు గుణాలకే పట్టం కట్టి రచనాశిల్పాన్ని గాలికి వదిలేస్తున్నారన్నది ఆమె ఫిర్యాదు. మెక్‌నిష్ ఆ వ్యాసానికి తన వెబ్‌సైటులో సుదీర్ఘంగా జవాబిచ్చారు. పెద్ద పత్రికల దాకా వెళ్లిన గొడవ అది.

వాట్స్ చెప్పినదంతా నేను ఒప్పుకోను. కే టెంపెస్ట్ 2014 నాటి ‘హోల్డ్ యువర్ ఓన్’ తీసుకోండి. గ్రీకు పురాణంలోని టైరీసియస్ కథ: అబ్బాయి స్త్రీగా మారతాడు, మళ్లీ పురుషుడవుతాడు, చివరికి గుడ్డి ద్రష్ట. ఆ నాలుగు దశల మీదే పుస్తకం నిర్మించారు. మారడం అంటే హాయిగా వికసించడం కాదని, ప్రతి మార్పుకూ ఏదో కోల్పోవాలని అందులో గట్టిగా తెలుస్తుంది. ఫోను తెరమీద నాలుగు పంక్తుల్లో ‘నిన్ను నువ్వు ప్రేమించుకో’ అని చెప్పే రాతలకూ దీనికీ పోలికే లేదు. ఆ నాలుగు పంక్తులకు ఆధ్యాత్మిక కవిత్వమని పేరు పెట్టి అమ్మడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

డోర్నకల్ పాఠకురాలు

నేను వేరే దారిలో వస్తాను. మాది దక్షిణ ఇండియా సంఘం కుటుంబం, డోర్నకల్ అధ్యక్ష ఖండం. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య గారు పనిచేసిన చోటు. అందువల్ల ఈ కవుల వెనకున్న ప్రార్థనా క్రమం నాకు చిన్నప్పటి నుంచీ చెవిన పడినదే.

రావిచెట్టు గారు అంటున్నట్టు ప్రార్థన అంటే ఎప్పుడూ ఒక మనిషి గుండె చీల్చుకుని అడగడమే కాదు. ఆరాధనలో సగం భాగం మనం అడగం, వింటాం. ఎవరో చదువుతారు. పేర్లు, వంశావళులు, ఊళ్లు. అర్థం తెలియని వయసులో కూడా ఆ పేర్ల వరుస మమ్మల్ని పట్టి ఉంచేది. ఆంగ్లికన్ ప్రార్థనా పుస్తకంలోని విజ్ఞాపనలో నేల మీదా నీటి మీదా ప్రయాణించేవారిని, ప్రసవవేదన పడే స్త్రీలను, రోగులను, పసిబిడ్డలను కాపాడమని వరుసగా వేడుకుంటారు.

ఇప్పుడు డఫీ కవిత చివరికి రండి. ఆ రేడియో సూచన ఊరికే వినసొంపుగా ఉంటుందని పుట్టలేదు. 1859 అక్టోబరులో వేల్స్‌లోని ఆంగ్లెసీ తీరం దగ్గర తుపానులో ‘రాయల్ చార్టర్’ అనే ఓడ ముక్కలై సుమారు 450 మంది చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే వాతావరణ శాఖకు నాయకత్వం వహిస్తున్న రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1861 నుంచి ఓడలకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశారు. నేటి రేడియో సూచన ఆ ఏర్పాటు నుంచి వచ్చినదే. డఫీ కవితలోని చివరి పేరు ఫినిస్టెర్. ఆ సముద్ర ప్రాంతానికి 2002లో ఫిట్జ్‌రాయ్ పేరే పెట్టారు.

అంటే ఆ రాత్రివేళ ఒక గొంతు, ప్రమాదంలో ఉన్న ముక్కూమొహం తెలియని మనుషుల కోసం పేర్లు చదువుతోంది. ఇంట్లో వెచ్చగా ఉన్నవారు దాన్ని వింటున్నారు. నీటి మీద ప్రయాణించేవారి కోసం చేసే విజ్ఞాపనకూ దీనికీ తేడా ఏమిటి? ఎవరూ ఎవరినీ అడగరన్నారు మీరు. నాకైతే ఆ కవిత అంతా ఇతరుల కోసమే చేసిన ప్రార్థనలా వినిపిస్తుంది.

రావిచెట్టు

డోర్నకల్ పాఠకురాలు గారూ, ఓడ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ చివరి పాదం బరువు పెరిగింది. అయినా నా అభ్యంతరం తీరలేదు, దాన్ని ఇంకా కచ్చితంగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

తర్కం గారు కవి ఉద్యోగం తూస్తున్నానన్నారు. కాదు. నేను వెతుకుతున్నది ఎదుటి మనిషిని. ‘నువ్వు’ అని పిలిచే ధైర్యం కవితలో ఉందా లేదా అన్నదే నాకు కావాలి. మన రామదాసు చెరసాలలో కూర్చుని, నగలకైన ఖర్చంతా లెక్కచెప్పి రాముణ్ణి నిలదీశాడు. ఎదుట ఒకరు ఉన్నారనుకుంటేనే ఆ కోపం సాధ్యం.

ఇందుకు విశ్వాసం తప్పనిసరి అని కూడా నేననను. ఇంగ్లండ్ కవయిత్రి డెనీస్ రైలీని చూడండి. 2008లో ఆమె కొడుకు జేకబ్ హఠాత్తుగా చనిపోయాడు. 2012లో ‘ఎ పార్ట్ సాంగ్’ అనే కవిత రాశారు, ఇరవై భాగాలు. ఆ ఏడాది ఉత్తమ కవితగా ఫార్వర్డ్ బహుమతి వచ్చింది. మొదటి పాదాల్లోనే పాటను నిలదీస్తారు, ఇప్పుడు నువ్వు దేనికి పనికొస్తావని. తర్వాత చనిపోయిన కొడుకును పిలుస్తారు, బతిమాలతారు, విసుక్కుంటారు, ఇక ఇంటికి రమ్మంటారు. అతను వినడని ఆమెకు తెలుసు, పరలోకం మీద ఆశ పెట్టుకున్న మనిషి కాదు. అయినా పిలుపు ఆపలేదు. చివరి భాగంలో మాట్లాడేది ఆ కొడుకే. తల్లి గొంతు అరువిస్తే బిడ్డ పలికాడు.

ఇది ప్రార్థనే అంటాను. దేవుడి పేరు లేకపోయినా సరే. డఫీ కవితలో లేనిది ఈ పిలుపే.

తర్కం

అయితే విశ్వాసం నుంచి సంబోధనకు మారారు. మంచిదే, ఇక్కడ మాట్లాడుకోవచ్చు. కానీ ఎదుట ఎవరూ లేరని తెలిసీ పిలవడం నాకు దుఃఖంగా తోస్తుంది. ఆ దుఃఖానికి ప్రార్థన అని పేరు పెడితే రైలీ నిజాయితీని మనం మతానికి రాసిచ్చినట్టవుతుంది. ఆమె ఓదార్పును ఒప్పుకోలేదు. ఆ నిరాకరణకు ఆ పేరుతోనే గౌరవం ఇవ్వాలి.

పద్యశిల్పి

ఇంతమంది మాట్లాడుతున్నా రూపం గురించి ఎవరూ ఎత్తలేదు. కవి మైఖేల్ సిమన్స్ రాబర్ట్స్ యౌవనంలో నాస్తికుడు. ఆక్స్‌ఫర్డ్‌లో తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం చదువుతుండగా ఆ నాస్తికత్వం సడలిపోయి తర్వాత కేథలిక్ అయ్యారు. వ్యక్తిగత పరివర్తనకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. కానీ ఆ కథను ఆయన ఆత్మకథలా చెప్పుకోరు. 2013లో వచ్చిన ‘డ్రైసాల్టర్’లో 150 కవితలు, ఒక్కొక్కటి సరిగ్గా 15 పాదాలు. బైబిల్ కీర్తనలూ 150 కదా. ఆ చట్రంలో నగరాలు, గాజుభవనాలు, శరీరాలు, భయాలు అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఫార్వర్డ్, కోస్టా బహుమతులు రెండూ ఆ పుస్తకానికి వచ్చాయి. ఒకే కొలతను 150 సార్లు పాటించడంలో జపం లాంటి క్రమశిక్షణ ఉంది. మనిషి మారతాడంటే అలాంటి రోజువారీ సాధనలోనే అని నా నమ్మకం. నమ్ముతున్నానని ప్రకటించినంత మాత్రాన కవిత బాగుపడదు, నమ్మనని ప్రకటించినా అంతే.

రాత్రివిధులు

నేను ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. సాహిత్యం చదువుకున్నదాన్ని కాదు, కానీ ఒక పేరు ఇంతవరకూ రాకపోవడం చూసి రాస్తున్నాను. రోజర్ రాబిన్సన్. ఆయన ‘ఎ పోర్టబుల్ పారడైజ్’కు 2019 సంవత్సరపు టి.ఎస్. ఎలియట్ బహుమతి వచ్చింది. లండన్‌లో పుట్టి, బాల్యం ట్రినిడాడ్‌లో గడిపి, తిరిగి ఇంగ్లండ్ వచ్చిన కవి. 2017 జూన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు కదా, పుస్తకం మొదట్లో ఆ మంటల గురించిన కవితలుంటాయి. చివరి కవితలో ఒక నాయనమ్మ చెబుతుంది: స్వర్గాన్ని ఎప్పుడూ నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ కనబడకుండా దాచుకో, అప్పుడు నీ నుంచి ఎవరూ దొంగిలించలేరు.

కానీ నేను పదేపదే చదివేది అందులోని ‘గ్రేస్’. నెలలు నిండకుండా పుట్టిన తన కొడుకును చూసుకున్న జమైకా నర్సు మీద రాబిన్సన్ రాసింది. పేరే గ్రేస్, అంటే కృప. ఆమె వైద్యుల మాటకు ఎదురు నిలిచే తీరు, చావుకు దగ్గరైన మరో పసివాణ్ణి ఊపుతూ పాట కూనిరాగం తీయడం, అన్నీ పనిలో భాగంగానే జరుగుతాయి.

ఇక్కడ నా ప్రశ్న రావిచెట్టు గారికి. పిలుపు ఉంటేనే ప్రార్థన అన్నారు. ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డ ఎవరినీ పిలవలేడు. ఆ తండ్రికి నోట మాట రాదు. గ్రేస్ వచ్చింది. అడగకుండానే వచ్చింది. మీ లెక్క ప్రకారం ఈ కవితను ఎక్కడ పెడతారు?

రావిచెట్టు

రాత్రివిధులు గారూ, ఆ కవితలో పిలుపు ఉంది. గ్రేస్ పాడుతున్నది చావుకు దగ్గరైన ఆ మరో బిడ్డకే. జవాబివ్వలేని ప్రాణిని ‘నువ్వు’ అనుకుని పాడటం నా దృష్టిలో రైలీ చేసిన పనే, దిశ మాత్రం వేరు. కాబట్టి దాన్ని నేను సంతోషంగా ప్రార్థనల వైపే ఉంచుతాను.

డఫీ విషయంలో మాత్రం నా సందేహం మరో రూపంలో మిగిలే ఉంది. 2011 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్ జనంలో 59.3 శాతం మంది క్రైస్తవులమని రాయించుకుంటే, 2021కి అది 46.2 శాతానికి పడిపోయింది. మతం లేదన్నవారు 37.2 శాతం. రైలు చప్పుడులో లాటిన్ మంత్రం వినిపించాలంటే ఆ మంత్రం ఒకప్పుడు విని ఉండాలి. డఫీ విన్నారు. ఆమె కవిత తాతలు కూడబెట్టిన ఆస్తి మీద బతుకుతోంది. వినని తరానికి ఆ పాదం దగ్గర ఏం మిగులుతుంది?

డోర్నకల్ పాఠకురాలు

లాటిన్ నేనూ ఎన్నడూ వినలేదండి. మా సంఘంలో ఆరాధన అంతా తెలుగులోనే. అయినా డఫీ చెప్పిన ఆ రైలు నాకు వినిపించింది. మా ఊరి మీదుగా రాత్రిపూట వెళ్లే గూడ్సు బండి చప్పుడులో మా అమ్మమ్మ గొణిగే కీర్తనలు వినిపించేవి, ఆ పాదం చదవగానే అవే గుర్తొచ్చాయి. ఇంగ్లండ్‌లో పెరిగే పిల్లలకు వాళ్ల వాళ్ల ఇళ్లలోని గొంతులు వినిపిస్తాయి. రాబిన్సన్‌కు నాయనమ్మ మాట అందింది చూశారుగా, అది ఏ చర్చి గోడల మధ్యా పుట్టిన మాట కాదు. ఆస్తి తరిగిపోతోందన్న మీ దిగులు నాకు అర్థమవుతుంది, గురువులు తగ్గుతున్న సంఘాలను నేనూ చూస్తున్నాను. అయినా ఆ కవిత ఆస్తి మీద బతుకుతోందంటే ఒప్పుకోను. ఎవరో ఒకరు బిడ్డను పేరుపెట్టి పిలుస్తారు, ఆ పిలుపులో తాము పోగొట్టుకున్నది వినిపిస్తుంది అని ఆ కవితలోనే ఉంది. మీరు అడిగిన పిలుపు అదే కదా. మరోసారి చదివి చెప్పండి.