కుట్లు ఉన్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందా?

జడ్చర్ల జంక్షన్: తమ్ముడు బండి మీద నుంచి పడితే మోకాలి కింద కుట్లు పడ్డాయి. డాక్టర్ అన్నీ తినమన్నాడు. ఇంట్లో మాత్రం పప్పు, గుడ్డు, వంకాయ బంద్. చీము పడుతుందట. నిజమేనా?

మిర్యాలగూడ మిల్లు: వంద శాతం నిజం. మా నాయినకు కాలి వేలికి దెబ్బ తగిలితే దవాఖానలో పప్పు తినమన్నారు. తిన్నాడు. చీము పట్టింది, వేలు తీసేశారు. ఇంకేం సాక్ష్యం కావాలి?

డ్రెస్సింగ్ రూమ్ అక్క (దేవరకొండ): అన్నా, చీము పప్పు నుంచి రాదు. గాయంలో క్రిములు చేరితే తెల్ల రక్తకణాలు వాటితో పోరాడి చస్తాయి. చచ్చిన కణాలు, క్రిములు, పాడైన కండ కలిసిందే చీము. దెబ్బ తగలగానే ప్లేట్‌లెట్లు రక్తం ఆపుతాయి, తర్వాత తెల్లకణాలు గాయాన్ని శుభ్రం చేస్తాయి. మొదట్లో కాస్త వాపు మామూలే. ఆ తర్వాత ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొలాజెన్ తయారు చేస్తాయి. కొలాజెన్ అంటే ప్రొటీనే. పప్పు, గుడ్డు ఆపితే అది ఎక్కడి నుంచి వస్తుంది? సి విటమిన్ లేకపోతే కొలాజెన్‌కు బలం రాదు, జామకాయ కూడా పెట్టండి. కుట్లు తీశారని వెంటనే కబడ్డీకి పంపకండి. మూడు నెలలకు కూడా ఆ చర్మానికి పాత బలంలో 80 శాతం వరకే వస్తుంది.

కొల్లాపూర్ మామిడి: ఏ పప్పు? కంది వేడి, పెసర చలువ. పెసర పెట్టొచ్చు.

డ్రెస్సింగ్ రూమ్ అక్క: ఏదైనా పెట్టొచ్చు.

కొల్లాపూర్ మామిడి: కందికీ పెసరకూ తేడా లేదంటే ఇక ఏం మాట్లాడతాం.

మిర్యాలగూడ మిల్లు: మా తాతలు నల్లాలం ఆకు పసరు పిండితే రెండు రోజుల్లో మానేది. అప్పుడు ఏ కొలాజెన్ ఉంది?

డ్రెస్సింగ్ రూమ్ అక్క: అప్పుడూ అదే ఉంది. చిన్న దెబ్బలను ఒళ్లే మాన్పుకుంటుంది, పేరు ఆకుకొస్తుంది. సరే, మీ నాయినకు షుగర్ ఉండేనా?

మిర్యాలగూడ మిల్లు: ఉండె. అయితే?

డ్రెస్సింగ్ రూమ్ అక్క: షుగర్ ఎక్కువుంటే పాదాలకు రక్తం సరిగ్గా అందదు, స్పర్శ తగ్గుతుంది, తెల్లకణాలు కూడా మందగిస్తాయి. ముందు చూడాల్సింది అదే.

మిర్యాలగూడ మిల్లు: అంటే మేం చూసుకోక వేలు పోగొట్టామంటారా? నోరు అదుపులో పెట్టుకోండి.

నల్గొండ కోడలు: నాకు పెద్దాపరేషన్ అయినప్పుడు వెల్లుల్లి కారం, అన్నమే పెట్టారు. మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయితే ఇంటికి రాగానే కోడికూర. ఆయన కుట్లకు చీము పట్టదా?

కొల్లాపూర్ మామిడి: టాపిక్ పప్పు గురించి.

మిర్యాలగూడ మిల్లు: షుగర్ ఉంటే పుండు మానదని ఆ రోజు ఒక్కరూ చెప్పలేదు. చీటీ రాసి చేతిలో పెట్టి, తర్వాతి పేషెంట్‌ను పిలిచారు. ఏది తినాలో ఏది వద్దో చెప్పింది మా పెద్దమ్మే. తప్పో ఒప్పో, మంచం పక్కన కూర్చుని చెప్పింది.

నల్గొండ కోడలు: నాకు గుడ్డు వద్దన్నవాళ్లు కూడా మంచం పక్కన కూర్చున్నవాళ్లే అన్నా. ఒంట్లో రక్తం తక్కువుందని డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపిస్తే "మేం కనలేదా" అన్నారు.

జడ్చర్ల జంక్షన్: కుట్ల చుట్టూ ఎర్రగా ఉంది. అది చీమేనా?

డ్రెస్సింగ్ రూమ్ అక్క: కుట్ల అంచున కొంచెం ఎరుపుంటే భయం లేదు. ఎరుపు పాకుతున్నా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆగకుండా తీసుకెళ్లండి. టీటీ ఇంజక్షన్ వేశారో లేదో కూడా అడగండి.

మిర్యాలగూడ మిల్లు: ఈ నాలుగు ముక్కలు చీటీ వెనకాల రాసివ్వడానికి దవాఖానలో ఎంతసేపు పడుతుందక్కా?