ఆరో తరగతిలో చేరిన తెలుగు పిల్లలకి ఇంగ్లీషు ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లబల్ల (కె.ఆర్.పురం, బెంగళూరు):
ఇక్కడ ఇంగ్లీషు మీడియం బళ్ళో ఆరో తరగతికి చెబుతున్నాను. అనంతపురం, కర్నూలు వైపు నుంచి బిల్డింగు పనులకి వచ్చిన కుటుంబాల పిల్లలు ఎనిమిది మంది జూన్‌లో చేరారు. ఊళ్ళో పుస్తకంలో ఇంగ్లీషు ఉన్నా పాఠం విన్నది తెలుగులోనే. నలుగురు గడగడా చదివేస్తారు, ఏం చదివావురా అంటే మౌనం. మిగతా నలుగురికి అక్షరాలొచ్చు, కూడబలుక్కోవడం రాదు. అందరూ ఇంగ్లీషు పదం నెత్తిన పెన్సిల్‌తో తెలుగులో ఉచ్చారణ రాసుకుంటున్నారు. బడి అయ్యాక రోజూ 40 నిమిషాలు దొరుకుతాయి. తరగతిలో తెలుగు వినపడకూడదని పైనుంచి ఒత్తిడి. వ్యాకరణంతో మొదలుపెట్టనా, మాట్లాడించనా? సైన్సు పరీక్ష సంగతేంటి?

పలకాబలపం:
టీచర్ గారూ, మొదటి రెండు రోజులు ఏమీ నేర్పకండి, పరీక్షించండి. నాలుగో తరగతి స్థాయిలో 100 పదాల పేరా ఒకటి తీసుకుని ఒక్కొక్కరి చేత విడిగా చదివించండి, తప్పిన పదాల కింద గీత పెట్టండి. తర్వాత పుస్తకం మూసి, విషయం తెలుగులో చెప్పమనండి. ఆ పేరా వాళ్ళు ఎన్నడూ చూడనిదై ఉండాలి. తెలిసిన పాఠమైతే కంఠతా వచ్చింది ఒప్పజెబుతారు, మనం చదువుతున్నారనుకుంటాం. పదాలే తప్పితే అక్షరానికీ శబ్దానికీ ముడి పడలేదన్నమాట. పలికింది సరిగ్గా ఉండి విషయం చెప్పలేకపోతే పదాల అర్థాలు తెలియవన్నమాట. రెండిటికీ మందు వేరు.

కూడబలుక్కోలేని నలుగురికీ ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఈ ఆరూ ముందు. వీటితోనే పిన్, సిట్, ట్యాప్, ప్యాన్ లాంటి పదాలు చాలా కట్టొచ్చు. మన పిల్లలు తప్పేది ఒకచోట. టీ శబ్దాన్ని 'ట' అని నేర్పితే అందులో అకారం ముందే ఉంది. స, ఇ, ట కలిపితే 'సిట' వస్తుంది గానీ 'సిట్' రాదు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర ఉకారం తగిలించి 'సిట్టు' అంటారు కూడా. దీనికి విరుగుడు వాళ్ళకి తెలిసిందే: పొల్లు. "తలకట్టు తీసెయ్, పొల్లు పెట్టు" అని తెలుగులోనే చెప్పి ట్, ప్, న్ అనిపించండి. గుణింతం వచ్చిన పిల్లవాడు ఈ మాట వెంటనే పట్టుకుంటాడు. హ్రస్వం, దీర్ఘం చెవికి అలవాటే కనక షిప్, షీప్ తేడా కష్టం కాదు.

రోజుకి 10 నిమిషాలు చాలు, వారానికి ఆరు శబ్దాలు మించొద్దు.

నెత్తిన తెలుగు రాయడం మాత్రం ఆపించండి. రెండు లిపులుంటే కన్ను తేలికైన దాని మీదికే పోతుంది, ఇంగ్లీషు అక్షరాల వరస బుర్రకెక్కదు. పొడుగు పదాన్ని పెన్సిల్ గీతలతో ముక్కలు చేయించండి: ఫో/టో/సిం/థి/సిస్. తెలుగు అర్థం నోట్సు చివరి గడిలో రాసుకోనివ్వండి, అది పనికొస్తుంది.

హోసూరురోడ్డు:
ఉచ్చారణ విషయంలో చిన్న తేడా. నైట్, డాటర్, ఐలాండ్ లాంటివి ముక్కలు చేసినా పలకవు. వీటిని బోర్డు మీద తెలుగులో ఒక్కసారి రాసి, పలికించి, వెంటనే తుడిచెయ్యడమే మేలు. నోట్సులోకి మాత్రం పోకూడదు.

వ్యాకరణం పుస్తకం వరసలో చెప్పొద్దు. తెలుగు ఎక్కడ అడ్డుపడుతుందో అక్కడే మొదలుపెట్టండి. "మా నాన్న మేస్త్రీ" అన్న వాక్యంలో క్రియే లేదు, అందుకే 'ఈజ్' ఎగిరిపోతుంది. "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" రెండిటికీ మనకి ఒకటే రూపం, ఇంగ్లీషులో 'గో' వేరు, 'విల్ గో' వేరు. 'రోజూ', 'రేపు' అని రెండు అట్టముక్కలు చేసి, ఏది ఎత్తితే దానికి తగ్గ వాక్యం చెప్పించండి. 'డిడ్ యూ వెంట్' అంటే, కాలం బరువు 'డిడ్' మోసేసింది, మళ్ళీ 'గో' మొయ్యక్కర్లేదు అని చెప్పండి. ఏ, యాన్ అనేవి అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి: యాన్ అవర్, ఏ యూనిఫాం. వారానికి ఒకటే రకం తప్పు దిద్దండి. పేజీ అంతా ఎర్రసిరా చేస్తే పిల్లలు రాయడమే మానేస్తారు.

మాట్లాడించడానికి మన దగ్గరే మంచి దారి ఉంది. 1979లో ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు బెంగళూరు, మద్రాసు బళ్ళలో మొదలుపెట్టిన ప్రయోగంలో వ్యాకరణ పాఠాల బదులు రైలు టైంటేబుళ్ళు, మ్యాపుల లాంటివి ఇచ్చి లెక్క తేల్చమనేవారు. మీరు మెట్రో మ్యాపు తీసుకోండి. కె.ఆర్.పురం నుంచి బనశంకరి పోవాలి, ఎక్కడ మారాలి? మ్యాపు ఒకరి చేతిలో, ప్రశ్న ఇంకొకరి చేతిలో పెట్టి వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి. మెజెస్టిక్‌లో పర్పుల్ లైను దిగి గ్రీన్ లైను ఎక్కాలని తేలేలోపు 'వేర్', 'ఛేంజ్', 'నెక్స్ట్' పదిసార్లు వాడతారు. ముందు మీరు అలాంటిదే ఒకటి బోర్డు మీద చేసి చూపించాలి, లేకపోతే తెలుగులోనే తేల్చేస్తారు. సగం మంది సగం పని చెయ్యలేకపోతే పని బరువెక్కువైనట్టు. నోరు విప్పని పిల్లల్ని నిలబెట్టి అడగొద్దు. కొన్ని వారాలు వేలితో చూపించినా, ఒక్క మాటన్నా చాలు.

సాయంత్రంబడి:
సైన్సు గురించి. ఈ పిల్లలకి విషయం తెలియదనుకోవడం పెద్ద పొరపాటు. బాష్పీభవనం, పత్రహరితం వాళ్ళకి తెలిసుండొచ్చు, 'ఇవాపరేషన్', 'క్లోరోఫిల్' అన్న పేర్లే కొత్త. అందుకే తెలుగు మాన్పించడం నష్టం. పాఠం ముందురోజు "దీని గురించి మీకేం తెలుసు" అని తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల ద్విభాషా పుస్తకాలు తెప్పించుకోండి, ఒకవైపు తెలుగు, ఎదుట ఇంగ్లీషు ఉంటుంది. కథలకైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు ముందు, ఇంగ్లీషు మర్నాడు.

పాఠానికి ఐదు పదాలు చాలు, ఇరవై వద్దు. అవే మూడో రోజు, ఏడో రోజు మళ్ళీ అడగండి. ప్రశ్నపత్రం భాష విడిగా నేర్పాలి: డిఫైన్, లిస్ట్, కంపేర్, గివ్ రీజన్స్. జవాబు తెలిసి కూడా ఏం అడిగారో తెలియక సున్నా తెచ్చుకుంటున్నారు. 'కంపేర్' అంటే రెండు గడుల పట్టిక, 'గివ్ రీజన్స్' అంటే 'బికాజ్' ఉండాల్సిందే అని గుర్తులు పెట్టండి.

నల్లబల్ల:
చాలా థాంక్సండీ, సోమవారం పేరా పరీక్షతో మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటారా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. కన్నడ కూడా ఇప్పుడే మొదలైంది, మూడు లిపులు కలిసిపోవా?

పలకాబలపం:
ఇంట్లో తెలుగే మాట్లాడమనండి. ఆ రోజు పాఠం అమ్మకి తెలుగులో పది నిమిషాలు చెప్పాలి, అదే హోంవర్కు. కన్నడకి భయపడకండి. వాక్యం వరస మనదే, అక్షరాలూ చాలావరకు దగ్గరవే, తలకట్టు తేడా ఒకటి చూపిస్తే పట్టేస్తారు. కన్నడ అక్షరాలూ ఇంగ్లీషు శబ్దాలూ వెంటవెంటనే పెట్టకండి, మధ్యలో లెక్కలో ఆటలో ఉండాలి. తల్లిదండ్రులకి ఇంకో మాట ముందే చెప్పండి: మాట్లాడే ఇంగ్లీషుకి ఒకటి రెండేళ్ళు, పాఠ్యపుస్తకం ఇంగ్లీషుకి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని జిమ్ కమ్మిన్స్ లాంటి పరిశోధకులు తేల్చారు. దసరాకల్లా మార్కులు రాలేదని పిల్లల్ని పనిలో పెట్టకుండా ఉండటానికి ఆ లెక్క అవసరం.