ఉద్యోగం మానేసి వెళ్ళమన్నది దేవుడేనని మీకెలా తెలిసింది?

మారతహళ్ళి సిస్టర్
అందరికీ వందనాలు. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది, టెస్టింగ్‌లో ఉద్యోగం. మార్కాపురం దగ్గర మా పిన్ని వాళ్ళ ఊళ్ళో సంఘం వాళ్ళు నడిపే పిల్లల హాస్టల్ ఉంది. అక్కడ లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. రెండేళ్ళుగా ఆ పిల్లల భారం నా మనసులోంచి దిగడం లేదు, ప్రార్థనకు కూర్చుంటే వాళ్ళే గుర్తొస్తారు. ఫ్లాట్ ఈఎంఐ ఇంకా ఆరేళ్ళుంది. మా వారు వద్దనరు, సరే అని కూడా అనరు. అబ్రాహాము "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను" అని చదివితే ధైర్యం వస్తుంది, బ్యాంకు మెసేజ్ చూస్తే టెన్షన్ వస్తుంది. మీ జీవితాల్లో ఎలా జరిగిందో చెప్పండి.

కేఆర్ పురం బ్రదర్
సిస్టర్, నేను తొందరపడ్డవాడిని, దాచకుండా రాస్తాను. 2016లో ఉపవాస కూడికలో ప్రసంగం విని సోమవారమే రాజీనామా ఇచ్చేశాను. ఇంట్లో చెప్పింది ఆ తర్వాతే. అదే విశ్వాసం అనుకున్నాను. ఆరు నెలలకు నా భార్య గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధ. దేవుడు మమ్మల్ని విడవలేదు. వేరే పని దొరికింది, ఇప్పుడు శని ఆదివారాలు ఇద్దరం సేవకు వెళ్తున్నాం. కానీ నాతో మాట్లాడిన దేవుడు ఆమెతోనూ మాట్లాడేదాకా నేను ఆగి ఉండాల్సింది. మీ వారి మౌనాన్ని అడ్డుగా చూడకండి. ఆయనతో కలిసి మోకరించండి.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు
బైబిల్లో గిద్యోను ఉన్ని పరిచి దేవుణ్ణి గుర్తు అడిగినట్టు మనమూ అడగొచ్చా? నేను "ఈ ఇంటర్వ్యూ పాసైతే నీ చిత్తం" అని ప్రార్థిస్తుంటాను.

పెరంబూరు ఆంటీ
బాబూ, న్యాయాధిపతులు 6వ అధ్యాయం నిదానంగా చదువు. ఉన్ని పరిచేసరికే దేవుడు తనను ఏం చేయమన్నాడో గిద్యోనుకు తెలుసు. భయం తీరక అడిగాడు, దేవుడు ఓర్చుకున్నాడు. దాన్ని ఇంటర్వ్యూకి పెట్టుకోవద్దు.

అమ్మాయీ, మాది ఒంగోలు. మా ఆయనకు ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, ఉద్యోగం రావడంతో చెన్నైలో స్థిరపడ్డాం. చిన్నప్పుడు తాతయ్య మమ్మల్ని ప్రార్థన కొండకు తీసుకెళ్ళి చెప్పేవాడు. 1854 జనవరి 1న అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, మరి కొందరు ఆ కొండెక్కి ఒంగోలుకు సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ సేవకుడిగా క్లౌ దొర అనే మిషనరీ వచ్చి అక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు పట్టింది! తర్వాత పెద్ద కరువొస్తే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. మన చెన్నైలో పారేది ఆ కాలువే. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నాకు తాతయ్య గుర్తొస్తాడు. 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కాబట్టి ఆలస్యమైందని పిలుపు కాదనుకోకు తల్లీ. లెక్కలు చెప్పడం చిన్న సేవనీ అనుకోకు.

తాంబరం నర్సు
అక్కా, నేను మన్యంలోని ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు జీతం సగమైంది. అన్నయ్య చేసిన అప్పు ఎలా తీరుతుందని రాత్రంతా ఏడ్చాను. వెళ్ళాక చూస్తే అక్కడ క్వార్టర్ ఉంది, మెస్‌లో భోజనం ఉచితం. నెలాఖరుకు చేతిలో మిగిలేది ఇక్కడ మిగిలినంతే! ఆ సంగతి బయల్దేరకముందు నాకు తెలియదు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటేటప్పుడు కోతకాలపు వరదలో గట్లు పొర్లుతుంటే, యాజకుల కాళ్ళు నీళ్ళలో పడ్డాకే కదా నది ఆగింది (యెహోషువ 3). అప్పటి నుంచి ఆ అధ్యాయం చదివితే నాకు కన్నీళ్ళు ఆగవు.

మారతహళ్ళి సిస్టర్
ఇవన్నీ మా వారికి చదివి వినిపించాను. ఆయన భయం ఈఎంఐ గురించి కాదట, నేను అక్కడ ఒక్కదాన్నే ఉండాలని. రెండేళ్ళుగా నేను అడగనే లేదు. రాత్రి ఇద్దరం కలిసి ప్రార్థించాం. ముందు ఒక నెల జీతం లేని సెలవు పెట్టాను. మొదటి వారం ఆయనా వస్తానన్నారు, మార్కాపురం రోడ్‌కు రెండు టికెట్లు తీశారు. ఆంధ్ర సిలబస్ పదో తరగతి లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.