నాట్య పాఠాల డీవీడీలను చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించుకోవడం చట్టసమ్మతమేనా?

ప్రశ్న (గృహిణి, హనుమకొండ):

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతూ మూడేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఇంట్లో సాధన చేయడానికి ఆరు డీవీడీలు ఉన్నాయి. వాటిలో నాలుగు హైదరాబాద్‌లో కొన్నవి, మిగిలిన రెండు మా గురువుగారు తమ శిష్యురాళ్ల కోసం స్వయంగా చిత్రీకరించి ఇచ్చినవి. మా హాలులో దివాను, సోఫాలు పోను మిగిలిన జాగాలో అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ) కూర్చుని చేయి చాపితే టీవీ బల్ల తగులుతుంది కాబట్టి ఆమె బంగ్లా మీదికి వెళ్లి సాధన చేస్తుంది. ఒక తీర్మానం (ముగింపు అడుగుల వరుస) చూడటానికి కిందికి రావడం, మళ్లీ గజ్జెలతో మెట్లెక్కడం, పైకి చేరేలోపు సగం మరచిపోవడం రోజూ జరిగే తతంగమే. మా తమ్ముడు అరచేతిలో పట్టే వీడియో ప్లేయర్ ఒకటి ఇచ్చాడు గానీ దానికి డిస్కు పెట్టే వీలు లేదు.

బజారులో ఒక దుకాణంలో అడిగితే డిస్కుకు వంద రూపాయల చొప్పున ఎక్కించి ఇస్తామన్నారు. అంతటితో ఆగకుండా, నాట్యం నేర్చుకునే పిల్లలు తరచుగా అడుగుతుంటారు కాబట్టి ఒక కాపీ తమ కంప్యూటర్‌లో ఉంచుకుంటామని కూడా చెప్పారు. ఆ మాట నచ్చక డిస్కులు సంచిలో వేసుకుని తిరిగి వచ్చాను. డబ్బు పెట్టి కొన్న డిస్కును మా పిల్ల కోసం మేమే కాపీ చేసుకోవడం నేరమవుతుందా? కాకపోతే ఇంట్లోనే ఎలా చేసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకుడు, కరీంనగర్):

మేడం, ముందుగా గురువుగారు ఇచ్చిన రెండు డిస్కులతో మొదలుపెట్టండి. ఇంట్లో రాసిన డిస్కులకు సాధారణంగా కాపీని అడ్డుకునే సాంకేతిక తాళం ఉండదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు అర ఉండటం లేదు కాబట్టి యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 రకం ఎంపీ4 వీడియో ఫైళ్లుగా మార్చుకోవాలి. 4.7 జీబీ డిస్కులోని గంట పాఠం సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల చొప్పున మారిస్తే సుమారు 700 ఎంబీకి దిగుతుంది.

నాట్యం విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మన దేశపు డీవీడీలలో చాలావాటి చిత్రం సగం గీతలు ఒకసారి, సగం గీతలు మరోసారి చొప్పున నమోదై ఉంటుంది. అలాగే మార్చేస్తే, చేయి వేగంగా తిరిగినప్పుడు వేళ్ల చివరలు దువ్వెన పళ్లలా చీలి ముద్ర తెలియకుండా పోతుంది. కాబట్టి డీఇంటర్లేస్ అనే ఎంపికను తప్పకుండా పెట్టండి. రెండవది, గురువు మనకు ఎదురుగా నిలబడి చేస్తే కుడిచేయి మనకు ఎడమ వైపు కనబడి పిల్లలు తికమకపడతారు. అదే సాఫ్ట్‌వేర్‌లో చిత్రాన్ని అద్దంలోలా తిప్పే వీలుంది.

కొన్న నాలుగు డిస్కులకు సీఎస్‌ఎస్ అనే తాళం ఉండవచ్చు. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను దాన్ని తీయదు. దాన్ని తీయవచ్చా లేదా అన్నది న్యాయవాదులే చెప్పాలి.

జవాబు (న్యాయవాది, హనుమకొండ):

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం వీడియోలో నమోదైన పాఠం కూడా సినిమాటోగ్రాఫ్ చిత్రం కిందికే వస్తుంది. దాని కాపీ తీసే హక్కు, చివరికి కంప్యూటర్‌లో నిల్వ చేసే హక్కు సైతం హక్కుదారుదే. అయితే సెక్షన్ 52(1)(ఎ) వ్యక్తిగత వినియోగం కోసం చేసే న్యాయమైన వాడకాన్ని ఉల్లంఘన నుంచి మినహాయిస్తుంది. 2012 సవరణకు ముందు ఈ మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకే పరిమితమై ఉండేది. ఆ సవరణతో, కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప, వీడియోలు, ధ్వనిముద్రణలు సహా అన్ని కృతులకూ వర్తిస్తోంది. కొన్న డిస్కును మీ అమ్మాయి సాధన కోసం ఒక్క ప్లేయర్‌లోకి ఎక్కించుకుని, అసలు డిస్కును మీ దగ్గరే ఉంచుకుంటే మీరు ఈ మినహాయింపు నీడలోనే ఉన్నారన్నది నా అభిప్రాయం. ఏది న్యాయమైన వాడకమో కోర్టు కేసును బట్టి తేలుస్తుంది కాబట్టి దీన్ని పూర్తి రక్షాపత్రంగా మాత్రం తీసుకోకండి. కాపీ ఉంచుకుని డిస్కును అమ్మేస్తే మీ వాదన బలహీనపడుతుంది.

తాళం సంగతి సెక్షన్ 65ఎలో ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఇక్కడ ఉద్దేశం అన్న మాటే కీలకం, ఎందుకంటే చట్టం నిషేధించని పని కోసం తాళం తీయడాన్ని అదే సెక్షన్ మినహాయించింది. అమెరికాలో 1998 నాటి చట్టం దీనికన్నా చాలా కఠినం కాబట్టి అక్కడి బంధువులు ఇచ్చే సలహా, అక్కడి వెబ్‌సైట్లలో కనబడే హెచ్చరికలు యథాతథంగా ఇక్కడికి అన్వయించవు.

మీరు దుకాణం నుంచి తిరిగి రావడం మంచిదైంది. ఇతరుల కోసం తాళం తీసిపెట్టేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, ప్రయోజనం రాసి పెట్టుకోవాలని 65ఎలోనే ఉంది. మీ డిస్కు కాపీని తమ కంప్యూటర్‌లో దాచి పదిమందికి అమ్మడం ఏ విధంగానూ వ్యక్తిగత వినియోగం కాదు. సెక్షన్ 63 కింద అటువంటి ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:

సార్, చాలా కృతజ్ఞతలు. మా అమ్మాయితో పాటు నేర్చుకునే ఇద్దరు స్నేహితురాళ్లు కూడా తమకు ఒక కాపీ ఇమ్మంటున్నారు. డబ్బు తీసుకోనప్పుడు తప్పేమిటని వారి తల్లులు అడుగుతున్నారు.

జవాబు (పేరిణి నాట్య ఉపాధ్యాయుడు, వరంగల్):

అమ్మా, దీనికి మా వైపు నుంచి చెబుతాను. జాయప సేనాని పదమూడవ శతాబ్దంలో రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళి మీద గానీ, రామప్ప గుడి మదనికల (నర్తకీమణుల శిల్పాల) భంగిమల మీద గానీ ఈ రోజు ఎవరికీ కాపీరైట్ లేదు. ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ ఆధారం చేసుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని తిరిగి నిలబెట్టారు కనుకనే మేమందరం నేర్పగలుగుతున్నాం. కానీ ఆ అడుగులనే నేను మద్దెల వాద్యకారుడిని పిలిపించి, కెమెరా అద్దెకు తెచ్చి, ఒక్కొక్క అడుగును మూడు కాలాల్లో (వేగాల్లో) విడదీసి చూపిస్తూ చేసిన పాఠం నా శ్రమ. నాలుగేళ్ల కిందట నేను తయారు చేసిన డిస్కులు ముప్పై అమ్ముడుపోయాయి, ఆ తరువాత ఒక్కటీ కదలలేదు. ఒక వార్షికోత్సవంలో నాకు పరిచయం లేని పిల్లలు నా జతిని (అడుగులకు తోడుగా వచ్చే లయ వరుసను), అందులో నేను పొరపాటున ఎక్కువ కొట్టిన దెబ్బతో సహా, అచ్చంగా వాయించుకుని ఆడారు! మీ పిల్ల తన ప్లేయర్‌లో చూసుకుంటే నాకు సంతోషమే. స్నేహితురాళ్లకు ఇవ్వాలంటే మాత్రం డబ్బు తీసుకున్నా తీసుకోకున్నా గురువుగారిని ఒక మాట అడగండి. తమ శిష్యురాళ్లకే కాబట్టి ఆయన కాదనకపోవచ్చు.

జవాబు (న్యాయవాది, హనుమకొండ):

మాస్టారుగారి మాటే నా మాట. ఉచితంగా ఇచ్చినా అది మీ వ్యక్తిగత వినియోగం అనిపించుకోదు. గురువుగారి రెండు డిస్కులకు ఆయన ఒక్క వాక్యం రాసి సంతకం చేసి ఇస్తే చాలు. కొన్న నాలుగింటికి ఆయన అనుమతి పనికిరాదు, వాటిని ఆ పిల్లలు కొనుక్కోవలసిందే.

ప్రశ్న అడిగినవారు:

గురువుగారు సంతకం చేసి ఇచ్చారు. మొదటి డిస్కు చక్కగా ఎక్కింది, అద్దంలోలా తిప్పిన పాఠం మా అమ్మాయికి బాగా నచ్చింది. రెండవ డిస్కు మాత్రం పన్నెండో నిమిషంలో ఆగిపోతోంది. కింది వైపు చిన్న గీతలున్నాయి.

జవాబు (కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకుడు, కరీంనగర్):

మెత్తని నూలు గుడ్డను కొద్దిగా తడిపి, మధ్య రంధ్రం నుంచి అంచు వైపుకు నిలువుగా తుడవండి. పళ్లెం తుడిచినట్లు గుండ్రంగా మాత్రం తిప్పకండి, ఆ దిశలో పడే గీత డేటా వరుస వెంబడే సాగుతుంది కాబట్టి డ్రైవ్ దాన్ని సరిదిద్దుకోలేదు. అప్పటికీ ఆగితే మరొక డ్రైవ్‌లో పెట్టి చూడండి. అదీ కుదరకపోతే గురువుగారి దగ్గర అసలు రికార్డింగ్ ఉండే ఉంటుంది, పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లండి.